చలి జమాఖర్చులు

మాది పల్నాడులోని రెంటచింతల. వేసవి వచ్చిందంటే వార్తలలో తప్పనిసరిగా వినిపించే ఊరది. ఎండ 47 డిగ్రీలకు చేరిన ఏళ్ళు కూడా మాకు కొత్తకాదు. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగి, ఏరికోరి మినెసోటాలో స్థిరపడినవాడిని చూసి జాలిపడాలో నవ్వాలో తెలియక మా బంధువులు రెండూ చేస్తుంటారు.

ఈ మధ్య మా ఆవిడకు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. జీతం ఎక్కువ, ఊరినిండా తెలుగువాళ్ళు, చలి అంతంతమాత్రం. నాన్నగారు పోయాక ఒంటరిగా ఉంటున్న అమ్మను ఇకపై మా దగ్గరే ఉంచుకోవాలన్న ఆలోచన కూడా దీనికి తోడయింది. పది రోజులలో అవునో కాదో చెప్పాలి. నాన్నగారు పత్తి పైరుకు రాసుకున్నట్టే నేనూ ఒక నోటుపుస్తకంలో నిలువుగీత గీసి, ఒకవైపు జమ, మరోవైపు ఖర్చు అని రాసుకుని కూర్చున్నాను.

ముందుగా ఖర్చు. ఈ రాష్ట్రపు ఉత్తర భాగంలో టవర్ అనే ఊరి దగ్గర 1996 ఫిబ్రవరి 2న సున్నాకు దిగువన 60 ఫారన్‌హీటు డిగ్రీలు నమోదయింది. సెంటీగ్రేడులో చెప్పాలంటే మైనస్ 51. మా మినియాపొలిస్ అంత కఠినాత్మురాలు కాదు గానీ, 2019 జనవరి 30న ఇక్కడా మైనస్ 33 సెంటీగ్రేడు దాకా దిగింది. ఎండావానలను లెక్కచేయని తపాలా శాఖ కూడా ఆ రోజు ఉత్తరాల బట్వాడా ఆపేసింది. డిసెంబరు చివర్లో పగలు తొమ్మిది గంటలైనా ఉండదు. నాలుగున్నరకల్లా సూర్యుడు సెలవు తీసుకుంటాడు. మంచు కురవడం ఆగిన 24 గంటలలోగా ఇంటిముందు కాలిబాటను మనమే శుభ్రం చేయాలని నగరపాలక నిబంధన. నడుము ఉన్నదీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది. రోడ్డు మీద చల్లిన ఉప్పు కారు అడుగుభాగాన్ని తినేస్తుంది, మిగిలింది కరిగి చెరువుల్లోకి పోతుంది. ఇక ఇంట్లోని కరివేపాకు మొక్క అక్టోబరు నుంచి మే దాకా కిటికీ పక్కన, పథ్యంలో ఉన్న రోగిలా, రోజుకొక ఆకు రాలుస్తూ బతుకుతుంది.

ఇక జమ. జూన్‌లో పగలు పదిహేనున్నర గంటలు. ఆ నాలుగు నెలల్లోనే పెరట్లో గోంగూరా దోసకాయలూ పోటీపడి పెరుగుతాయి. గడ్డకట్టిన సరస్సుల మీద జనం గుడారాలు వేసి, మంచుకు కన్నం పెట్టి చేపలు పడతారు. నగరం నడిబొడ్డున భవనాలను రెండో అంతస్తులో కలుపుతూ 1962 నుంచి కట్టుకుంటూ వచ్చిన అద్దాల వంతెనలున్నాయి. చలికోటు లేకుండానే మైళ్ళు నడవవచ్చు. అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు, బిల్లు కట్టలేకపోయినవారు వాయిదాల ఒప్పందం చేసుకుని దాన్ని పాటిస్తే, వారి ఇంటి వెచ్చదనాన్ని కత్తిరించకుండా కాపాడే చట్టముంది. చలి ఎంత అన్నదానికన్నా, చలికి ఊరు ఎంత సిద్ధపడి ఉందన్నదే ముఖ్యమని నాకు 2021 ఫిబ్రవరిలో అర్థమయింది. ఆ నెలలో టెక్సాస్‌లో మంచుతుఫాను వచ్చి 45 లక్షల ఇళ్ళకు పైగా కరెంటు పోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. డాలస్‌లోని మిత్రుడొకడు, కొళాయి గొట్టాలు గడ్డకట్టకుండా ఏం చేయాలని నాకు ఫోను చేశాడు. అతణ్ణి వణికించిన చలి మాకు జనవరిలో మామూలు రోజు. ఇక్కడ గొట్టాలను మనిషి లోతున పాతుతారు; మా దక్షిణ భాగంలో పునాది కనీసం 42 అంగుళాలు దిగాలి. మా ఊళ్ళో మందపాటి గోడలు, మధ్యాహ్నం మూసిన తలుపులు, కుండలో మజ్జిగ ఎలాగో ఇదీ అలాగే. అన్నీ తెలిసిన మన తెలుగు నేల మీదనే 2015 ఎండలకు వెయ్యిమందికి పైగా పోయారంటే, ఏ వాతావరణమైనా సిద్ధంగా లేనివాణ్ణే ముందు పట్టుకుంటుందన్నమాట.

కూడి చూస్తే జమే ఎక్కువ. గర్వంగా మా ఆవిడకు చూపించాను. ఆమె రెండు పేజీలూ శ్రద్ధగా చదివి, "బాగానే ఉంది గానీ, ఇందులో అత్తయ్యగారెక్కడున్నారండీ?" అంది.

నిజమే. నేను రాసిన జమంతా కారు నడపగలిగినవాడిది, పార పట్టగలిగినవాడిది, పొద్దున్నే పనికి పోయేవాడిది. అమ్మ 2018 నవంబరులో మా అమ్మాయి పురిటికి వచ్చి, ఏప్రిల్‌లో తిరిగి వెళ్ళింది. ఆ అయిదు నెలలూ చీర కింద మేజోళ్ళు, పైన నా పాత చలికోటుతో కిటికీ దగ్గర కూర్చునేది. ఒక్కనాడూ సణగలేదు. ఒకసారి మాత్రం, "చలి సంగతి సరేలేరా, గుమ్మంలో కూర్చోడానికి లేదు" అంది. అప్పుడు నవ్వేశాను. మా ఊళ్ళో సాయంత్రమైతే అరుగు మీద ఆమె చుట్టూ నలుగురు చేరతారని నాకు గుర్తురాలేదు.

డాలస్‌లో ఆ అరుగు దొరుకుతుందా? అక్కడా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏసీ గదిలోనే కదా. ఈ లెక్క నేను తేల్చలేనని అమ్మకే ఫోను చేశాను. రెండూళ్ళ సంగతీ దాచకుండా చెప్పాను. అంతా విని, "ఆ ఎదురింటావిడ ఇంకా ఉందా?" అని అడిగింది.

ఎదురింటావిడకు డెబ్బై దాటాయి. ఆసుపత్రి నుంచి బిడ్డను తెచ్చిన ఉదయం, మేము వచ్చేసరికి మా వాకిట్లో మోకాలి లోతు మంచును తన యంత్రంతో తీసేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయిన మనిషి. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా ఏప్రిల్‌లో ఎండ కాసిన ఒకటి రెండు సాయంత్రాలు ఇద్దరూ మా మెట్ల మీద కూర్చుని, చెరో భాషలో గంటసేపు మాట్లాడుకున్నారు.

"ఉంది" అన్నాను.

"నేను చూసింది చలికాలమే కదరా. మిగతా సగం చూడకుండా ఏం చెప్పను? వేసవికి వచ్చి చూసి చెబుతాను."

డాలస్‌వాళ్ళు వేసవి దాకా ఆగరు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాక, మా ఆవిడ ఆ ఉద్యోగాన్ని వదులుకుంది. అది ఆమె పెట్టిన ఖర్చు. దాన్ని పద్దులో ఎక్కడ రాయాలో నాకు తెలియడంలేదు. అమ్మ వచ్చి చూసి, వద్దంటే ఏం చేస్తామో కూడా తెలియదు. ప్రస్తుతానికి మే నెలకు టికెట్టు కొన్నాను. ఇంటిముందు వేయడానికి రెండు కుర్చీలు కూడా.