మ్యాటర్ పంపించాం, చూస్కోండి

"మ్యాటర్ పంపించాం, చూస్కోండి" అని ఫోనొస్తే నా మూడ్ పాడైనట్టే. ఏం పంపించి ఉంటారో చూడకుండానే చెప్పగలను. ప్రారంభోత్సవం నాటి షాపు ఫొటో, గోడమీది క్యాలెండర్ నుంచి సెల్‌తో తీసిన లోగో, ఎప్పుడో కరపత్రం కోసం కొట్టించిన డీటీపీ ఫైలు. ఆ ఫైలు తెరిస్తే తెలుగు ఉండదు. డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఎవరిదో ఫోన్ నంబరు.

చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఏకవ్యక్తి దుకాణం నాది. డిజైనరూ నేనే, బాకీ వసూలుకు తిరిగే గుమాస్తానూ నేనే. డొమైన్‌కు ఏటేటా కట్టాలంటే, "స్థలం కొనుక్కున్నాక మళ్ళీ అద్దె ఏమిటండీ?" అన్న పచ్చళ్ళాయన్ని కూడా నవ్వుతూనే ఒప్పించాను. పట్టరానిది ఫాంట్ల గొడవొక్కటే.

పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు రూపాలు కూర్చుంటాయి. ఆ ఫాంటు లేని చోట గదుల అసలు యజమానులు బయటికొస్తారు. అచ్చుకు ఆ ఏర్పాటు చాలు, కానీ గూగుల్‌లో "గుంటూరు గోంగూర" అని వెతికేవాడికి ఆ పేజీ ఏ జన్మకీ దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు సొంత గదులు 1991లోనే ఇచ్చారు. మొదటి వెబ్‌సైటు అందరికీ తెరుచుకుందీ ఆ ఏడే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. తర్వాత సిలికానాంధ్ర వాళ్ళు బోలెడన్ని ఇచ్చారు. వాటిలో 1975 ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకటకృష్ణారావు పేరిట వచ్చిన 'మండలి' నాకు ప్రాణం. ఇన్ని పెట్టుకుని కూడా ఇంకా ఆ చుక్కల ఇంగ్లీషే పంపిస్తారు!

సరే, యూనికోడ్ వచ్చింది కదా అని సంతోషించే లోపు రెడీమేడ్ టెంప్లేటు తగులుతుంది. దాన్ని చేసినవాడికి వత్తుల సంగతి తెలీదు. "మమ్మల్ని సంప్రదించండి" అని బటన్ మీద పెట్టి చూడండి, మ వత్తు, న వత్తు సగానికి తెగి ఉంటాయి. వరసల ఎడం ఇంగ్లీషుకు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉన్నా హాయిగా ఉంటుంది, తెలుగుకు ఒకటీ ముప్పావు ఇస్తే గానీ ఊపిరాడదు. ఆ ఎడం చూసి కస్టమరు "ఖాళీ ఎక్కువైంది, ఇంకో ఆఫరు పట్టేది" అంటాడు.

వత్తుకు చోటివ్వడం తెలిసినవాడు మా వీధి బోర్డు పెయింటరు. ఫ్లెక్సీలు రాకముందు మాట. నూలుతాడుకు సుద్దపొడి పట్టించి, లాగి వదిలి గీత కొట్టేవాడు. ముందు గుండ్రాలన్నీ రాసుకుపోయి, తలకట్లు చివర్లో ఒక్క ఊపున టకటకా పెట్టేవాడు. స్కూలు బ్యాగుతో అలా నిలబడిపోయేవాణ్ణి. అక్షరానికింత అని రేటు, వత్తుకు అందులో సగం. ఆ సగం దగ్గరే పేచీ. "శ్రీ లక్ష్మీ గణపతి క్లాత్ స్టోర్స్" రాయిస్తూ బట్టల కొట్టాయన లెక్కపెట్టాడు. ఒక్క 'క్ష్మీ' కిందే రెండు వత్తులు! "కింద వేలాడేదానికి డబ్బులేమిటయ్యా?" అన్నాడు. "కింద రాయాలంటే నేను నిచ్చెన ఓ మెట్టు దిగాలి కదండీ" అన్నాడు పెయింటరు, చేతిలో బ్రష్షు ఆపకుండా. అయితే లక్ష్మిని తీసెయ్, గణపతి చాలన్నాడు కొట్టాయన. శ్రావణమాసంలో లక్ష్మిని తీసెయ్యడమేమిటని లోపలినుంచి ఆయన భార్య కేకేసింది. కాసేపు బేరమాడి, చివరికి 'స్టోర్స్' ఎగరగొట్టారు.