ఏమీ జరగని నెలల కానుక

విదేశాల్లో పనిచేస్తున్న మిషనరీ మన సంఘానికి వచ్చి సాక్ష్యం చెబుతారు. బస్సులో పక్కన కూర్చున్న అపరిచితుడి వల్ల ఒక ఊరు తలుపు తెరిచిందంటారు. వింటున్న మనం అది దేవుని నడిపింపేనని నమ్మి, ఆ పూట చేతిలో ఉన్నది కానుక పెట్టెలో వేస్తాం. ఆ నమ్మకం నాకూ గట్టిగానే ఉంది. కానీ నా ఇంటి లెక్కలో మిషనరీ కానుక సాక్ష్యాలను బట్టి పెరగదు, తరగదు. ఇంటద్దె, పిల్లల ఫీజులు ఎలా ముందే అనుకుని పక్కన పెడతామో అదీ అంతే. అనుకోని పరిచయం ఫలించాలంటే అది ఎదురయ్యే చోట ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి అక్కడ నిలవాలంటే, చెప్పుకోవడానికి ఏమీ లేని నెలల్లో కూడా ఎవరో డబ్బు పంపుతూ ఉండాలి.

ఇందుకు మనకు దగ్గరి ఆధారం నెల్లూరు, ఒంగోలు మిషన్ చరిత్రే. 1812లో అమెరికా నుంచి బయల్దేరిన మిషనరీ అదోనిరాం జడ్సన్ ఓడ ప్రయాణంలో లేఖనాలు పరిశీలిస్తూ బాప్తిస్మం గురించి అభిప్రాయం మార్చుకున్నాడు, కలకత్తాలో దిగాక బాప్టిస్టు అయ్యాడు. అతన్ని పంపింది కాంగ్రిగేషనల్ సంఘాలు కాబట్టి వారి పోషణ వదులుకోక తప్పలేదు. తోటి మిషనరీ లూథర్ రైస్ స్వదేశానికి తిరిగి వెళ్ళి సంఘాలను కూడగడితే 1814లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ బాప్టిస్టుల విదేశీ మిషన్ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ పంపిన జేమ్స్ కోల్మన్ 1822లో బెంగాల్ తీరాన చనిపోయాడు. అతని భార్యను ఒరిస్సాలో పనిచేస్తున్న ఇంగ్లీషు మిషనరీ ఏమస్ సటన్ పెళ్ళాడాడు. అలా సటన్‌కు అమెరికా సంఘాలతో సంబంధం కలిసింది. 1835లో రిచ్‌మండ్‌లో జరిగిన బాప్టిస్టుల సభలో ఆయన నిలబడి, తెలుగువారి దగ్గరికి మనుషుల్ని పంపమని అడిగాడు. ఆ ఏడే శామ్యూల్ డే ఓడ ఎక్కాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఓడలో ఒకరి మనసు మారడం, ఒకరు చనిపోవడం, ఒక పెళ్ళి జరగడం ఏ కమిటీ ప్రణాళికలోనూ లేవు. దీన్ని దైవసంకల్పం అనడానికి నేను వెనకాడను.

అయితే ఆ తర్వాత జరిగింది నా లెక్కకు ఇంకా ముఖ్యం. నెల్లూరులో ఏళ్ళ తరబడి ఫలితం వేళ్ళమీద లెక్కపెట్టేంతే. ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న ప్రశ్న పంపిన సంస్థలోనే పదేపదే లేచింది. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన ఆ సంస్థ సభలో మళ్ళీ అదే చర్చ. పటంలో ఒంటరిగా కనిపించే నెల్లూరును అక్కడ ఒంటి నక్షత్రం అన్నారు. చివరికి మూయకూడదనే నిర్ణయించారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. డే నెల్లూరు చేరి అప్పటికి 38 ఏళ్ళు. ఆ ఏళ్ళలో బోస్టన్‌లోని ఆ సంస్థ ఖజానాకు డబ్బు పంపిన మామూలు విశ్వాసుల్లో ఎందరో ఈ రోజును చూడకుండానే కన్నుమూసి ఉంటారు. నన్ను కదిలించేది వాళ్ళ కానుకే.

ఫలించిన పరిచయాలనే ఏరుకుని కథ అల్లుతున్నారని, వృథా అయిన ప్రయాణాలను ఎవరూ లెక్కించరని ఒక అభ్యంతరం ఉంది. అది న్యాయమైనదే. కోల్మన్ మరణం ఒక పెళ్ళికి దారి తీసింది కాబట్టి అది మంచిదని నేను అనలేను. ఆమె దుఃఖానికి ఆ లెక్క సరిపోదు. అందుకే దేవుని చేయి వెనక్కి చూసినప్పుడు కనబడేదని, దాన్ని ముందుగా బడ్జెట్‌లో రాసుకోకూడదని అంటున్నాను. ఎవరో అనుకోకుండా తారసపడ్డారన్న ఒక్క కారణంతో అప్పు చేసి ఇవ్వడం, అత్యవసర నిధిని తాకడం విశ్వాసం కాదు. అది ఇంట్లోవాళ్ళకు అన్యాయం.

మన ఊళ్ళో పేదలుండగా పరాయి దేశానికి ఎందుకన్నది ఇంకో ప్రశ్న. నా పద్దులో ఊరి అవసరాలే ముందుంటాయి, పెద్ద భాగం వాటిదే. కానీ ఒంగోలు చరిత్ర ఇక్కడ కూడా జవాబు చెబుతుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు 3.5 మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలిపని ఇప్పించాడు. తిండి కోసం మతం మారకూడదని కరువు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ బాధ్యతను భుజానికెత్తుకోగలిగింది పదేళ్ళకు పైగా అక్కడే ఉండి, తెలుగు నేర్చి, ఊళ్ళు తిరిగిన మనిషి కాబట్టే. ఆ పదేళ్ళ జీతం సముద్రానికి అవతలి నుంచే వచ్చింది. కరువు మొదలయ్యాక విరాళాలు పోగుచేసి కొత్తవాడిని ఓడెక్కించి ఉంటే ఈ పని జరిగేది కాదు.

ఇక ఆచరణ. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపవచ్చు, బహుమతి, విరాళం కూడా అందులోకే వస్తాయి. పాన్ ఉండాలి, ఎందుకు పంపుతున్నామో బ్యాంకుకు తెలియజేయాలి. విదేశీ సంస్థకు నేరుగా ఇస్తే ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు రాదు కాబట్టి పన్ను మిగులుతుందన్న ఆశ పెట్టుకోకుండానే మొత్తం నిర్ణయించుకోవాలి. పంపిన ప్రతిసారీ ఛార్జీ పడుతుంది గనుక నెలనెలా విడిగా దాచి మూడు నెలలకోసారి పంపడం మేలు. అనుకోకుండా ఎదురయ్యే అవసరాల కోసం చిన్న మొత్తం వేరుగా ఉంచుతాను. ఆ పూట మనసు కదిలితే దాన్నుంచే ఇస్తాను, నెలవారీ కానుకను ముట్టుకోను. రూపాయి విలువ పడిపోతే మిషనరీ చేతికి అందేది తగ్గుతుంది. అందుకే నా జీతం పెరిగిన ఏడాది మొదట ఆ తేడా పూడ్చాలి. నేను కానుక పంపే మిషనరీల జాబితాలో కొత్త పేరు చేర్చడం ఆ తర్వాతే.