గడియారంలో కమ్మరి

మా పెద్దపంజాణి వాళ్ళకు చుట్టాలొస్తే తిరుపతి కొండ చూపించడం తెలుసు గాని, మ్యూజియం చూపించడం తెలియదు. ఈ మధ్య మా మరిది పెళ్ళికి హైదరాబాదు వెళ్తూ, ఇరవయ్యేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తున్న అక్కను సాయానికి తీసుకెళ్ళాను. ఊరి బయటి పల్లె నుంచి వస్తుందామె. పెళ్ళయ్యాక, పాపం ఇంత దూరం వచ్చింది కదా అని సాలార్ జంగ్ మ్యూజియానికి బయల్దేరదీశాను. నా ఔదార్యానికి నేనే మురిసిపోయాను లెండి!

టికెట్లు కొని వెనక్కి తిరిగితే, అక్క చెప్పులు విడిచి గోడవారగా నిలబడి ఉంది.

"నువ్వు సూసి రామ్మా. నేను చెప్పులకాడ కూసుంటా."

"ఇది గుడి కాదక్కా. చెప్పులతోనే పోవచ్చు."

"మమ్మల్ని ఇడుస్తారా?"

ఆమెను ఆపినవాళ్ళెవరూ లేరు. గేటు దగ్గరి మనిషి మావైపు చూడనైనా లేదు. 1951లో ఆ మ్యూజియాన్ని ప్రజల కోసం తెరిచారు. ఆ ప్రజల్లో తనూ ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా పెరటి గూట్లో ఆమె కాఫీ గ్లాసు వేరే ఉంటుంది. అత్తగారి కాలం నాటి ఏర్పాటు అని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అత్తగారు పోయి పదకొండేళ్ళయింది. గ్లాసు మాత్రం అక్కడే ఉంది.

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. మేలిముసుగు రెబెకా దగ్గర అక్క ఆగిపోయింది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ అది, మొదటి సాలార్ జంగ్ 1876లో కొన్నాడు అని నేను పాఠం చెబుతుంటే ఆమె వింటేనా!

"తడిగుడ్డ మొగానికంటుకుంటే ఇట్నే ఉంటాది. రాయిని ఎట్ల తడిపినాడో!" అంది.

ఆ బొమ్మను నేను నాలుగుసార్లు చూశాను. తడిగుడ్డ నాకెప్పుడూ తట్టలేదు.

పన్నెండు కావస్తుంటే జనమంతా సంగీత గడియారం ముందు చేరారు. గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్ళింది. అందరూ లేచారు. అక్క లేవలేదు.

"గడ్డపాయన్నే సూసి పోతాండారే. ఈ పక్కన కమ్మరోడు సుత్తితో కొడ్తానే ఉండాడు. వాణ్ణెవురూ సూడరేమ్మా?"

నిజమే. క్షణానికొక దెబ్బ చొప్పున ఆ కమ్మరి బొమ్మ కొడుతూనే ఉంది.

ముంబైలో ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం వాళ్ళు 2015లో బస్సు మీద మ్యూజియాన్ని జనం దగ్గరికే తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. అలాంటిదొకటి మా ఊరికీ వస్తే బాగుండును. వస్తే మాత్రం మెయిన్ రోడ్డు మీద ఆగకుండా పల్లె దాకా పోవాలి. వచ్చినవాళ్ళు చెప్పింది చాలించి కాసేపు వినాలి కూడా.

ఊరికొచ్చిన మర్నాడు అక్కకు మా గ్లాసులోనే కాఫీ ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. తాగి, కడిగి, తీసుకెళ్ళి పెరటి గూట్లోనే బోర్లించింది. నేను దాన్ని తెచ్చి వంటింట్లో మిగతావాటి పక్కన పెట్టాను.

రోజూ ఇదే జరుగుతోంది. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.