ఏ తీరానికి?

సంక్రాంతి పండుగ ముగిసింది. కనుమ మరునాటి సాయంకాలం శ్రీకాకుళం పట్టణంలోని ఒక పాత పెంకుటింటి వసారాలో కుటుంబమంతా చేరింది. పదవీ విరమణ చేసిన భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు, ఆయన సహధర్మచారిణి, హైదరాబాదు నుండి వచ్చిన కొడుకు, కోడలు, ఇంటర్మీడియట్ చదువుతున్న మనవరాలు, ఆరవ తరగతి చదువుతున్న మనవడు అక్కడ ఉన్నారు. సెలవులు ఇంకా రెండు రోజులే మిగిలాయి. వాటిని సముద్రతీరంలో గడపాలని అందరూ ఒక్కమాటగా అనుకున్నారు. ఏ తీరానికి వెళ్ళాలన్న దగ్గర మాత్రం మాట కలవలేదు.

మనవరాలికి అలలలో ఆడుకోవాలని ఉంది. మనవడికి తాబేళ్ళను చూడాలని ఉంది. జనసమ్మర్దం లేని చోట కాసేపు కూర్చోగలిగితే చాలునని కోడలి కోరిక. శ్రీకూర్మనాథుని దర్శనం లేకుండా ఆ దారిన వెళ్ళడం తగదని బామ్మ అభిప్రాయం. కొడుకు మాత్రం ఏమీ కోరలేదు. చిన్న నవ్వు నవ్వి, “శ్రీకాకుళంలో పుట్టి కూడా సముద్రంలో మోకాలిలోతు దిగనివాణ్ణి నేనొక్కణ్ణే కాబోలు. నాన్నగారు ఎన్నడూ దిగనివ్వలేదు” అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం కంటే చిరకాలపు ఆశ్చర్యమే ఎక్కువగా ధ్వనించింది.

మాస్టారు బదులు చెప్పలేదు. లోపలికి వెళ్ళి ఒక తెల్లకాగితం, పెన్సిలు తెచ్చి, తీరరేఖను గీయసాగారు.

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. దానికి దక్షిణాన ఉన్న విజయనగరం జిల్లా తీరం 30 కిలోమీటర్ల లోపే. తీరం పొడవునా నదులు సముద్రంలో కలిసే చోట్లను ఆయన చిన్న గీతలతో గుర్తించారు. విజయనగరం జిల్లాలో కోనాడ దగ్గర చంపావతి, శ్రీకాకుళానికి చేరువలో కళ్ళేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, ఇచ్ఛాపురం మండలంలోని డొంకూరు దగ్గర బాహుదా సముద్రంలో కలుస్తాయి. ఒకే సముద్రమైనా ఈ తీరాలన్నీ ఒక్కలాంటివి కావు. చింతపల్లి తీరంలో శిలలు, దీపస్తంభం ఉన్నాయి. భావనపాడు మత్స్యకారుల రేవు. దాని సమీపంలోని నౌపడ ఉప్పుమడులకు ప్రసిద్ధి. ఆ పరిసరాలలోని తేలినీలాపురం గ్రామంలో చెట్లపై గూళ్ళు కట్టుకొనే గూడకొంగలను ఊరివారు ఆడపడుచుల వలె ఆదరిస్తారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట ఓడరేవుతో ఆ తీరం రూపురేఖలు మారుతున్నాయి. ఉత్తరంగా ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు సముద్రాన్ని ఆనుకొని సాగుతాయి. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చిన గాయం ఆ ప్రాంతీయులు ఇంకా మరువలేదు.

కాగితంపై ప్రతి తీరం పేరుకు ఎదురుగా మూడు గడులు గీశారు. ‘చూడదగినవి’, ‘అనువైన కాలం’ అన్న మొదటి రెండు గడులూ నిండాయి. ‘దిగదగిన చోటు’ అన్న మూడవ గడి మాత్రం అన్ని పేర్లకూ ఖాళీగానే ఉండిపోయింది.

“అదెందుకు వదిలేశారు తాతయ్యా? మీకు తెలియదా?” అని మనవరాలు అడిగింది.

మాస్టారు కొంతసేపు మౌనం వహించారు. ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరూ వినని ఒక సంగతి చెప్పారు. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన నలుగురు మిత్రులతో కలిసి ఒక నది మొగ దగ్గరకు వెళ్ళారు. ఎక్కడ స్నానం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చోటును ఎంచినది ఆయనే. ఇరుపక్కలా అలలు తెల్లని నురుగుతో విరుగుతూ ఉండగా, నడుమ ఒక పాయ మాత్రం నిలకడగా, నునుపుగా కనిపించింది. అక్కడే క్షేమమని ఆయన చెప్పారు. ముందుగా దిగిన మిత్రుడు తిరిగి రాలేదు.

“అక్కడ అల ఎందుకు విరగలేదో నాలుగేళ్ళ తరువాత ఒక పుస్తకంలో చదివి తెలుసుకున్నాను” అన్నారు మాస్టారు.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి లోపలికి పోవాలి. ఇసుకతిన్నెల మధ్య లోతైన దారి దొరికితే ఆ నీరంతా అందులో నుండి వేగంగా వెనుకకు మళ్ళుతుంది. లోతు ఎక్కువ కనుక అక్కడ అల విరగదు. చూపరికి అది ప్రశాంతంగా తోస్తుంది. నిజానికి అది మనిషిని లోపలికి లాగుకొనిపోయే ప్రవాహం. అందులో చిక్కినవారు ఒడ్డుకేసి ఎదురీదితే అలసిపోతారు. తీరానికి సమాంతరంగా కొంతదూరం ఈది, ప్రవాహం దాటిన తరువాతే ఒడ్డుకు మళ్ళాలి. నది మొగల దగ్గర నదీ ప్రవాహం, పోటుపాట్లు కూడా కలిసి ఇసుకతిన్నెలను నిరంతరం కదిలిస్తూ ఉంటాయి. నిన్న మోకాలిలోతు ఉన్న చోట నేడు నిలువులోతు ఉండవచ్చు.

ఈ విషయాన్ని ఆయన ముప్పై ఏళ్ళపాటు తరగతి గదిలో వేలమంది విద్యార్థులకు బోధించారు. కన్నకొడుకును మాత్రం ఒక్కసారైనా ఒడ్డుకు తీసుకుపోయి చూపించలేకపోయారు. “వాడికి నా భయాన్ని ఇచ్చానే గాని, నాకు తెలిసినదాన్ని ఇవ్వలేదు” అని ఆయన అన్నప్పుడు కొడుకు తల వంచుకున్నాడు. బామ్మ లేచి దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

మరునాడు గార మండలానికి బయలుదేరారు. శ్రీకూర్మం, సాలిహుండం, కళింగపట్నం మూడూ ఆ మండలంలోనివే కనుక ఒక్క రోజులో చూడటానికి అనువుగా ఉంటాయి. శ్రీమహావిష్ణువు కూర్మరూపంలో కొలువైన శ్రీకూర్మ ఆలయంలో బామ్మ కోరిక తీరింది. వంశధార ఒడ్డున ఉన్న సాలిహుండం కొండపై బౌద్ధ స్తూపాల నడుమ కోడలికి కావలసిన నిశ్శబ్దం లభించింది. ఆ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవారు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి. కొండపై నుండి చూస్తే నది సముద్రాన్ని చేరే దారి కనిపిస్తుంది. ఒకనాడు కళింగపట్నం రేవు నుండి ఓడలు ఎందుకు సాగాయో అక్కడ నిలిచినవారికి వేరుగా చెప్పనవసరం లేదు.

మూడు గంటల వేళ కళింగపట్నం తీరం చేరారు. ఒడ్డున ఒక వృద్ధ మత్స్యకారుడు వల బాగుచేసుకుంటున్నాడు. అతని కొడుకులిద్దరూ వేటకై గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయారు. 2018 నవంబరులో ఈ రెండు జిల్లాల నుండి అలా వెళ్ళిన మత్స్యకారులు పాకిస్తాన్‌కు బందీలై, చాలామంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. నాటి నుండి సెల్‌ఫోను మోగితే చాలు గుండె జలదరిస్తుందని అతడు చెప్పాడు. విహారానికి వచ్చినవారికి ఆటస్థలమైన ఆ ఇసుక, అతనికి పొలము, ఇల్లు కూడా.

మనవరాలు నీటిని పరిశీలనగా చూసి, నురుగు లేని ఒక పాయను చూపింది. “అదే కదా తాతయ్యా?” అంది. మాస్టారు తల ఊపి, వృద్ధుని వైపు తిరిగారు. అతడు లేచి వచ్చి, “అటు పోకండి పాపా, లోన గుంట ఉంది. మొగ వైపు అసలే వద్దు. ఇదిగో, ఈ తెప్ప దగ్గర నేల చదును. మోకాలు దాటి పోకండి. పోటు ఎక్కేలోగా వచ్చీయండి” అన్నాడు.

ముందుగా కొడుకు దిగాడు. తరువాత పిల్లలు దిగారు. మాస్టారు ఒడ్డున నిలిచి చాలాసేపు వారినే చూశారు. మనవరాలు వచ్చి చేయి పట్టుకొనగా, పంచె పైకి మడిచి, ఏభై ఏళ్ళకు పైబడిన తరువాత సముద్రంలో అడుగుపెట్టారు. అల వచ్చి పాదాల కింది ఇసుకను తొలుచుకొని పోయినప్పుడు ఆయన చేయి బిగుసుకుంది. మనవరాలు ఆ చేతిని విడువలేదు.

రెండవ రోజు తెల్లవారుజామునే బారువకు ప్రయాణమయ్యారు. ఏటా జనవరి నుండి కొన్ని నెలలపాటు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఈ తీరాలకు వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి సుమారు 100 గుడ్లు పెట్టి ఇసుకతో కప్పి వెళ్ళిపోతుంది. 45 నుండి 60 రోజులలో పిల్లలు వెలువడతాయి. ఒడ్డున దీపాలు వెలిగిస్తే అవి సముద్రానికి బదులు ఆ వెలుగు వైపు నడిచి నశిస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేళ్ళకు అత్యున్నత రక్షణ కల్పించింది. ఇసుకపై, నీటి అంచు నుండి పొడి ఇసుక వరకు వచ్చి మరల నీటిలోకి మళ్ళిన ఒక వెడల్పాటి జాడను మనవడు కనుగొన్నాడు. తాబేలు కనిపించకపోయినా వాడికి నిరాశ కలగలేదు. ముందునాడు ఆలయంలో మొక్కిన బామ్మ, ఆ జాడకూ చేతులు జోడించింది.

తిరుగు ప్రయాణంలో మనవరాలు కాగితం తీసి మూడవ గడిలో కళింగపట్నం ఎదురుగా ‘తెప్పల దగ్గర, మోకాలు వరకు’ అని రాసి, పక్కన తేదీ వేసింది. బారువ ఎదురుగా ఏమీ రాయలేదు. అక్కడ ఎవరినీ అడగలేదు కనుక ఎవరూ నీటిలో దిగలేదు.

“తేదీ ఎందుకమ్మా?” అని కోడలు అడిగింది.

“ఇసుక కదులుతుంది కదమ్మా! ఇది ఆ ఒక్క రోజుకే. మళ్ళీ వెళ్తే మళ్ళీ అడగాలి” అంది ఆ పిల్ల.

ముందు సీటులో కూర్చున్న మాస్టారు వెనుకకు తిరగలేదు. వేసవిలో వస్తే చింతపల్లికి వెళ్దామని మాత్రం అన్నారు. అలా ఆయన తనంత తానుగా ఒక తీరం పేరు చెప్పడం కొడుకు వినడం అదే మొదటిసారి.