మాను లోపలి తెగులు

గట్టి మనిషిని చూసి "చేవ ఉన్నవాడు" అంటాము. చేవ అనేది మాను నడుమ ఉండే గట్టి కలప. ఆ చేవకు, దాన్ని మోసే వేళ్ళకు తెగులు పట్టినా పైనున్న పచ్చని ఆకు ఆ సంగతి చెప్పదని మాకు సూరత్‌లోని కతర్‌గామ్‌లో తెలిసివచ్చింది.

ఉద్యోగరీత్యా గుజరాత్‌కు బదిలీ అయి, తాపీ నదికి చేరువలోని ఆ పేటలో మేము ఇల్లు అద్దెకు తీసుకున్నాము. వజ్రాలు సానపట్టే కార్ఖానాల నడుమ మా వీధి మొగలో ఒక దిరిసెన చెట్టు, కొంత ఎడంగా ఒక వేపచెట్టు ఉండేవి. దిరిసెన నీడలో కరీంనగర్ వైపు నుంచి వలస వచ్చిన పెద్దయ్య ఇస్త్రీ బండి నడిపేవాడు.

ఒక వర్షాకాలంలో దిరిసెన మొదట, నేలకు జానెడు ఎత్తున, లక్క పూసినట్లు మెరిసే పుట్టగొడుగు పలకలు పొడుచుకొచ్చాయి. "సారూ, చెట్టుకేమన్న రోగమా?" అని పెద్దయ్య అడిగాడు. మేము పైకి చూశాము. కొమ్మలు ఆకులతో నిండుగా ఉన్నాయి. "ఏమీ లేదు పెద్దయ్యా, ఉత్త బూజు" అని చెప్పి, పలకలు గీకించి సున్నం పూయించాము. తుప్పు గీకి రంగు వేయించినంత తృప్తి కలిగింది.

మరుసటి ఏడు వానాకాలంలో, ఒక రాత్రి ఓ మోస్తరు గాలికే ఆ చెట్టు మొదలంటా ఒరిగి బండిమీద పడింది. పగలైతే ఏమయ్యేదన్న ప్రశ్న నేటికీ మమ్మల్ని వదలలేదు.

వృక్షశాస్త్రం బోధించే మిత్రులొకరు వచ్చి మొద్దును పరీక్షించారు. కంటికి కనిపించే పలక, కలపలో అల్లుకున్న శిలీంధ్రానికి కాయవంటిదట. కాయ కోసినంత మాత్రాన తీగ చావదు కదా! కలపను కుళ్ళబెట్టేది శిలీంధ్రపు దారాలేనని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ హార్టిగ్ 1870ల దశకంలోనే నిరూపించారు.

గుర్తుపట్టే క్రమాన్ని కూడా వారు వివరించారు. మొదట, పలక పుట్టిన చోటు చూడాలి. తర్వాత అడుగుభాగంలో సూదిబెజ్జాలున్నాయో, రెక్కలున్నాయో చూడాలి. గిట్టవలె గట్టిగా ఉండి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కకు నల్లబడితే చేవను తినే ఫెలినస్ వంటిదని అనుమానించవచ్చు. కలప గోధుమరంగుకు మారి ఘనాలుగా చిట్లితే, శిలీంధ్రం సెల్యులోజును తిని లిగ్నిన్‌ను మిగిల్చిందని అర్థం. పాలిపోయి పీచుపీచుగా ఉంటే లిగ్నిన్‌ను కూడా తిన్నదన్నమాట.

మా దిరిసెనలో కలప పాలిపోయి పీచుగా ఉంది. మొద్దునంటి మళ్ళీ మొలిచిన పలకకు లక్క మెరుపు, అడుగున బెజ్జాలు, చుట్టూ గోధుమరంగు పొడి. అది గానోడెర్మా. కోనసీమ కొబ్బరికి ఎండు తెగులు తెచ్చే ప్రజాతి ఇదే. ఇది వేళ్ళను, మొదలును తింటుంది. నీరు మోసే పైపొర కొంత మిగిలినంతకాలం ఆకు పచ్చగానే ఉంటుంది. కచ్చితమైన జాతి తేలాలంటే డీఎన్‌ఏ పరీక్ష కావాలి. బండిని పక్కకు జరపడానికి మాత్రం ఈపాటి గుర్తింపు చాలు. ఆ పాటి కూడా మేము చేయలేదు.

భయపడిన ఇరుగుపొరుగు వేపను కూడా కొట్టించమన్నారు. దాని ఎండుకొమ్మ మీద చిన్న తెల్లని విసనకర్రలు, అడుగున నిలువునా చీలిన రెక్కలు కనిపించాయి. అది షైజోఫిల్లమ్, ఎక్కువగా చచ్చిన కలపమీద బ్రతుకుతుంది. మిత్రులు మొదలు, వేళ్ళు చూసి, మాను తట్టి, ఆ కొమ్మ ఒక్కటే తీయించారు. వేప నిలిచింది.

కొత్త బండి మేమే చేయించి ఇచ్చి, "తప్పు చెప్పాము పెద్దయ్యా" అన్నాము. "మీరు పైకి చూసిండ్రు సారూ, నేను కిందికి చూసి అడిగిన" అన్నాడాయన.

అప్పటినుంచి ప్రతి వానాకాలంలోనూ మేమిద్దరము వంగి వేప మొదలు చూసేవాళ్ళము.