బాసర యాత్రకు మా సన్నాహము

యాత్ర యనగానే ఇంటి మగవారు రైలు వేళలు, బస గదులు విచారింతురు. చంటిబిడ్డ ఆకలి, ముసలివారి మోకాళ్లు మన పాలబడును. కావున ఈ మారు బాసర ప్రయాణమును మా యింటి స్త్రీలమే కూర్చుండి నిర్ణయించుకొంటిమి. ఆ సంగతి తోడి గృహిణులకు ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

మాది ఎల్లారెడ్డి. 2016వ సంవత్సరమున కామారెడ్డి జిల్లా యేర్పడువరకు ఇది నిజామాబాదు జిల్లాలోనిది. బాసర గోదావరి యుత్తరపు గట్టున, నేటి నిర్మల్ జిల్లాలో నున్నది. కురుక్షేత్ర యుద్ధానంతరము వ్యాసమహర్షి మనశ్శాంతిని గోరి యచ్చటికి వచ్చెననియు, దినమునకు మూడు పిడికిళ్ల యిసుకను గోదావరినుండి తెచ్చి సరస్వతీ, లక్ష్మీ, కాళికా మూర్తులను నిలిపెననియు స్థలపురాణము. అచ్చట అమ్మవారి మూర్తికి పసుపు పూయుదురు. ఆ పసుపే భక్తులకు ప్రసాదము.

మూడేండ్ల క్రిందట మా పెద్ద పిల్లవానికి వసంతపంచమినాడు అక్షరాభ్యాసము చేయించితిమి. ఆనాటి జనసమ్మర్దములో గంటలకొలది నిలువవలసివచ్చెను. పిల్లవాడు ఏడ్చి యేడ్చి బలపమును పట్టనే లేదు. మా అత్తగారిని ఇంటికి కాపుంచి పోయితిమి. ఇప్పుడు మూడేండ్ల పాపకు అక్షరాభ్యాసము చేయింపవలయును. అచ్చట అక్షరాభ్యాసములు నిత్యమును జరుగును గనుక పంచమిని, శరన్నవరాత్రులను, సెలవు దినములను విడిచి, మాఘమాసములోనే ఒక సామాన్యదినమును ఎంచుకొంటిమి. ఆ దినమున దేవి కరుణ తరుగునా?

దినము కుదిరిన పిమ్మట అత్తగారి ప్రసక్తి వచ్చెను. "ఆమె మోకాళ్లతో అంతదూర మెందుకు? ఇంటనే యుండనిండు" అని మగవారనిరి. ఆమె యేమియు మాటాడలేదు. నాటి రాత్రి బియ్యము చెరుగుచు మాతో మెల్లగా ననెను: "బిడ్డా, నా పెండ్లినాటికి మా అన్నదమ్ములందరు బడికి పోయిరి. నన్ను పంపలేదు. ఇప్పటికిని బ్యాంకులో వ్రేలిముద్రయే వేయుచున్నాను. పాపతో బాటు నాచేత గూడ ఒక్క అక్షరము వ్రాయింతురా?"

మేము ఒకరి మొగమొకరము చూచుకొంటిమి. చదువులతల్లి దర్శనమునకు పోవుచు, చదువునకు నోచుకోని యీ తల్లిని రెండవ మారుగూడ ఇంట విడిచిపోవుట యెట్లు? అప్పటినుండి ప్రయాణమంతయు ఆమె మోకాళ్లకు తగినట్లుగా మార్చితిమి.

ఎల్లారెడ్డికి రైలు లేదు. సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న కామారెడ్డికి బస్సులో పోయి, అచ్చట నిజామాబాదు మీదుగా బాసరకు పోవు రైలు నెక్కవలయును. కాళ్లు చాపుకొనుటకును, మరుగుదొడ్డికి పోవుటకును రైలే అనుకూలము. అన్ని బండ్లును బాసరలో ఆగవు. ఆగు బండి యేదో ముందుగా విచారించుకొనవలయును. స్టేషనునుండి ఆలయమునకు ఆటోలు కలవు. ఆ రాత్రి బాసరలో నిదురించి, తెల్లవారుజామున ఎండ రాకమునుపే దర్శనము చేసికొందుము. మరునాడు పొద్దున దర్శించి ఆ దినమే మరలుదుమను వారు పిల్లలను, పెద్దలను అలసటపాలు చేయుదురు.

తిరుగు ప్రయాణమునకు బాడుగ కారు. బోధన్ సమీపమునగల కందకుర్తి వద్ద మంజీర గోదావరిలో కలియును. హరిద్రానది గూడ అచ్చటనే కలియుటచే దానిని త్రివేణీసంగమమందురు. మా ప్రాంతమున 1931లో పూర్తియైన నిజాంసాగరమున నిలిచిన మంజీరయే అది. అత్తగారు పుట్టినది మొదలు ఎరిగిన యా నది యెచ్చట ముగియునో ఆమెకు చూపవలయునని మా కోరిక. పిదప బోధన్, బాన్సువాడల మీదుగా ఇల్లు చేరుదుము. నదీస్నానమున లోతు తెలియని చోట దిగరాదు. పిల్లలకు గట్టుననే చెంబుతో నీరు పోయుట మేలు.

మూటలో కట్టుకొనునవి: పలక, బలపము, బియ్యము, పసుపు, పాపకు రెండు జతల బట్టలు, అత్తగారి మాత్రలు, మోకాళ్ల తైలము, మజ్జిగకు పెరుగు, పులిహోర, ఒక పాత దుప్పటి. అక్షరాభ్యాసమునకు రుసుము చెల్లింపవలయును గాన చిల్లర వేరుగ నుంచుకొనుట మంచిది.

మండపమున పిల్లలతో బాటు పెద్దవారిని గూర్చుండనిత్తురో లేదో అచ్చటనే అడిగెదము. వలదనినచో గోదావరి గట్టున పళ్లెములో బియ్యము పోసి, మేమే ఆమె చేయి పట్టి వ్రాయింతుము. నిన్న అంగడికి పోయి రెండు పలకలు కొనితెచ్చితిమి. ఒకటి పాపకు. రెండవదానిని అత్తగారు తన చీరెల నడుమ దాచుకొనిరి. యాత్రకు ఇంకను పండ్రెండు దినములున్నవి. ఈలోపల తన పేరులోని మొదటి యక్షరము నేర్పుమని మా చిన్నకోడలిని రాత్రివేళల అడుగుచున్నారు.