శుక్రవారం సాయంత్రం, ఆపిల్ కల్లు

శీర్షిక చూసి మన సంఘంలో పెద్దలు కొందరు నొసలు చిట్లిస్తారని మాకు తెలుసు. ఏం చేస్తాం, వచ్చిన జబ్బు అటువంటిది. తాగనివారిని తాగమనడం మా ఉద్దేశం కాదు. మాలాగే తిప్పలు పడుతున్న ఇల్లు ఒక్కటైనా ఉంటే కాస్త దారి దొరుకుతుందని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాం.

మా ఇద్దరిలో ఒకరికి సీలియాక్ వ్యాధి అని తేలి ఆరేళ్ళయింది. ఎవరికన్నది చెప్పం. ఇంట్లో పొయ్యి ఒకటే కనక జబ్బూ ఇద్దరిదేనని ఆనాడే ఒప్పందం చేసుకున్నాం. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది లోపలికి పోతే ఈ జబ్బున్నవారి ఒళ్ళు తన చిన్నపేగు మీద తానే దాడి చేస్తుంది. మందు లేదు, మానెయ్యడమే మందు. 1944-45 చలికాలంలో హాలండులో రొట్టె దొరక్క జనం అల్లాడుతుంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారట. విల్లెం డికె అనే పిల్లల వైద్యుడికి గోధుమ మీద అంతకు ముందే ఉన్న అనుమానం అప్పుడు బలపడింది. 1950లో సిద్ధాంత వ్యాసంగా రాశాడు. ఇంత పాత సంగతే అయినా, మాకు మాత్రం ఒక డాక్టరు మూడేళ్ళపాటు "ఆఫీసు ఒత్తిడి" అనే చెప్పాడు. చివరికి ఇంకొకరు రక్తపరీక్ష చేయించి, గొంతులోంచి గొట్టం వేసి పేగు ముక్క తీసి చూస్తేగాని బయటపడలేదు.

అన్నం తినేవాళ్ళకి ఇదేం కష్టం అని మొదట మేమూ అనుకున్నాం. పూరీ, చపాతీ, ఉప్మా మానేశాం. ఆరు నెలలయినా కడుపునొప్పి తగ్గదే! ఒకరోజు పులిహోరకి తిరగమోత వేస్తూ ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదివితే, అందులో గోధుమపిండి! అసలు ఇంగువ పాలు కొంచెమే, తక్కినదంతా పిండీ జిగురూనూ. సంక్రాంతి విందుకి మేము సొంత టిఫిన్ డబ్బా పట్టుకొస్తే చిన్నబుచ్చుకున్న అక్కయ్యలు, వదినలు దయచేసి ఇది గమనించాలి. మీ వంటకు పేరు పెట్టడం లేదు, మీ ఇంగువకి భయపడుతున్నాం.

ఇక అసలు సంగతి. మేము ఈ న్యూజెర్సీ ఇంటికి వచ్చిన మొదటి ఏడాది నుంచీ పక్కింటి దంపతులతో శుక్రవారం సాయంత్రాలు మాకు అలవాటు. వాళ్ళ వెనక డెక్ మీద కూర్చుని తలా ఒక బీరు. వాళ్ళు వేపిన మొక్కజొన్న, మేము తెచ్చిన జంతికలు. పిల్లల చదువులు, పోయిన ఉద్యోగాలు, మా నాన్నగారు పోయిన రాత్రి విమానం టిక్కెట్టు వెతకడం, అన్నీ ఆ డెక్ మీదే జరిగాయి. బీరంటే బార్లీయే కదా. జబ్బు బయటపడ్డాక మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నాం. మేము తాగలేదని వాళ్ళు తాగడం మానేశారు. వాళ్ళు మానేశారని మాకు మొహమాటం. ఒక వారం తలనొప్పి, ఒక వారం చుట్టాలు. తర్వాత సాకులు చెప్పవలసిన అవసరమే రాలేదు, పిలుపులే తగ్గిపోయాయి.

హార్డ్ సైడర్ సంగతి మా అమ్మాయి చెప్పింది. ఆపిల్ రసం పులియబెట్టిందే, బార్లీతో పని లేదంది. సంతోషంగా బయటికి వెళ్ళి, ఒక చోట ఆపిల్‌ది అడిగితే ఒక సీసా తెచ్చి పెట్టారు. మూడు రోజులు మంచం దిగలేదు. తర్వాత చూస్తే అది సైడర్ కాదు, ఆపిల్ వాసన కలిపిన మాల్ట్ బీరు. సీసా మీద ఆపిల్ బొమ్మ చూసి మోసపోవడం మా తప్పే.

అప్పటినుంచి ఇద్దరు ఇంజనీర్లం చేసే పనే చేశాం, రూలు పుస్తకం తెరిచాం. ఎఫ్.డి.ఎ. వారు 2013లో పెట్టిన నిబంధన ప్రకారం గ్లూటెన్ లేదని రాయాలంటే పది లక్షల పాళ్ళలో 20 కంటె తక్కువ ఉండాలి. ఏడు శాతం కంటె తక్కువ ఆల్కహాలున్న సైడర్ల లేబులు ఈ నిబంధన కిందికి వస్తుంది. ఏడూ అంతకు పైనా ఉంటే మద్యం పన్నుల శాఖ వారిది. బార్లీతోనే చేసి "గ్లూటెన్ తీసివేశాం" అనే బీర్లు కూడా ఉన్నాయి. పులిసిన సరుకులో ఎంత మిగిలిందో పరీక్షలు సరిగ్గా చెప్పలేవు కనక వాటి జోలికి పోలేదు. సైడర్లలోనూ కొందరు మాల్ట్ కలుపుతారు, కొందరు బీరు పీపాల్లో ఊరబెడతారు. చదవడం తప్పదు.

తరవాత రుచి సంగతి. దుకాణంలో సులువుగా దొరికేవి మాకు మరీ పానకంలా తోచాయి. ఒక అక్టోబరులో హడ్సన్ లోయలో వాల్డెన్ వెళ్ళాం. యాంగ్రీ ఆర్చర్డ్ వారు 2015లో అక్కడ తోటలోనే సైడర్ ఇల్లు తెరిచారు. తీపి తక్కువది అడిగి పుచ్చుకున్నాం. నాలిక మీద ఆ వగరు! లేత మామిడిపిందె కొరికినట్టు. సైడర్‌కి పనికొచ్చే ఆపిల్ పళ్ళు వేరట, కొరికితే ఉమ్మేసే రకాలు. మనమున్న న్యూజెర్సీయే ఒకప్పుడు వాటికి పేరు. నెవార్క్ సైడర్‌కి ప్రాణమైన హారిసన్ ఆపిల్ అంతరించిపోయిందనుకున్నారు. 1976లో లివింగ్‌స్టన్‌లో ఒక పాత సైడర్ మిల్లు దగ్గర చెట్టు కనబడింది. లివింగ్‌స్టన్‌లో ఉన్న మన మిత్రులలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

ఆ వేసవిలో పాలకొల్లు నుంచి పెద్దావిడ వచ్చారు, మాలో ఒకరికి అమ్మ, ఇంకొకరికి అత్తగారు. అమెరికావాళ్ళు వట్టి సైడర్ అంటే పచ్చి రసం, హార్డ్ అంటే పులిసినది అని భయపడుతూనే చెప్పాం. ఆవిడ సీసా వాసన చూసి, "ఇందులో వింతేముందర్రా? కుండకి సున్నం రాస్తే నీరా, రాయకపోతే కల్లు" అని సీసా మా చేతికిచ్చి వత్తులు చేసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ శుక్రవారమే ఆరు సీసాలు, ఇంగువ వెయ్యని జంతికలు పట్టుకుని పక్కింటి తలుపు తట్టాం. రెండేళ్ళు గడిచాయి కదా, ఏం మాట్లాడాలో ఇరువైపులా తోచలేదు. ఆవిడ గ్లాసులు తెచ్చి, మా ఎదుటే మళ్ళీ ఒకసారి సబ్బుతో కడిగింది.

మొన్న ఆ పెద్దాయన దుకాణంలోంచి ఫోన్ చేశాడు. కొత్త రకం కనబడిందట, కళ్ళజోడు పెట్టుకుని సీసా వెనకంతా చదివి వినిపించాడు. "యీస్ట్ అని ఉంది, పరవాలేదా?" అన్నాడు. పరవాలేదన్నాం. మాల్ట్ అన్న మాట ఎక్కడైనా ఉందేమో ఇంకొక్కసారి చూడమన్నాం.